నా వైపు బ్రేకు

ఫిబ్రవరి 3

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరింది. ఫోన్లో నచ్చని మాట రాగానే నేను పెట్టేస్తున్నానని, ఇకమీదట కాగితం మీదే మాట్లాడతానన్నావు. బాగానే ఉంది. కాగితాన్ని మధ్యలో పెట్టెయ్యడం కుదరదు కాబట్టి చివరిదాకా చదివాను. చదివాక ఒళ్లు మండింది.

నాకు కౌన్సెలింగా? ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో సగం మందికి స్టీరింగు పట్టుకోవడం నేర్పినవాణ్ణి. డాక్టర్లకు నేర్పాను, లాయర్లకు నేర్పాను, కుడి ఏదో ఎడమ ఏదో తేల్చుకోలేని లెక్కల మాస్టారికి నేర్పాను. ఇప్పుడు ఎవరో కంప్యూటర్లో కూర్చుని నాకు ఊపిరి పీల్చడం నేర్పుతారా?

మా డ్రైవింగ్ స్కూలు ఓనరు నీకు కూడా ఫోన్ చేశాడని రాశావు. వాడికి సిగ్గు లేదని ఎప్పట్నుంచో అనుమానం, ఇప్పుడు ఖాయమైంది. మా కార్లలో నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుందని నీకు తెలుసు. నువ్వూ నా దగ్గరే నేర్చుకున్నావు, నీ పుణ్యమా అని ఒక బ్రేకు అరిగిపోయింది కూడా. ఆ బ్రేకుని నేను అస్తమానం తొక్కుతున్నానట. ముందు ఏమీ లేకపోయినా తొక్కుతున్నానట. ఏమీ లేదని వాళ్లకెలా తెలుసు? పోయిన వారం బ్యాంకులో పనిచేసే ఒకావిడ నడుపుతుంటే తొక్కాను. వెనక వస్తున్న స్కూటరు మాకు తగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఆవిడ మాత్రం స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. సాయంత్రానికల్లా ఓనరు నన్ను కూర్చోబెట్టి, మార్చి నెలాఖరులోగా ఆరుసార్లు ఎవరైనా కౌన్సెలర్‌తో మాట్లాడి కాగితం తెమ్మన్నాడు. లేకపోతే సీటు ఖాళీ చెయ్యమన్నాడు. నేను నేర్పితే కారు పట్టుకున్నవాడు వాడు.

ఇక మీ పిన్ని సంగతి. తన చెల్లెలి ఇంట్లో సుఖంగా ఉంది, నువ్వు బెంగ పెట్టుకోకు. మా కారు ప్రమాదంలో విరిగిన కాలు అతుక్కుంది. అతుక్కున్న మర్నాడే కారు నడుపుతానంది. నేను కారులోంచి బ్యాటరీ ఊడదీసి అటక మీద పెట్టాను. ఆవిడ అటక మీంచి సూట్‌కేసు దించుకుంది. తను నడుపుతుంటే పక్కన నోరు మూసుకుని కూర్చోగలిగిన రోజున కబురు చెయ్యమని వెళ్లింది. ఇందులో కౌన్సెలింగ్‌కి పనేముంది? కావాలంటే అటకకి చెయ్యమను, బరువంతా అదే మోస్తోంది.

బుర్ర ఇంకా సరిగ్గానే ఉన్న,
మీ బాబాయ్


ఫిబ్రవరి 8

బాబాయ్,

నీ బుర్ర సరిగ్గానే ఉందని సంతకం దగ్గర రాసుకోవాల్సి వచ్చిందంటేనే నాకు సంగతి అర్థమైంది.

నువ్వు ఎంత వెటకారం చేసినా నేను ఆస్పత్రిలో బిల్లుల కౌంటర్ దగ్గర కూర్చునేదాన్ని. పొద్దున లేస్తే వెటకారమే వింటాను. కాబట్టి నేరుగా అసలు విషయానికి వస్తాను. ఈ ఆన్‌లైన్ కౌన్సెలింగ్‌కి డబ్బు ఎలా కట్టాలో చెబుతాను. నీకు అన్నిటికంటే ముందు రేటు తెలియాలి కదా.

మొదటి పరిచయం ఉచితం. పది నిమిషాలు మాట్లాడి, నీకూ కౌన్సెలర్‌కీ కుదురుతుందనుకుంటేనే ముందుకెళ్లాలి. ఆ తర్వాత ఒక్కో సెషన్‌కీ ఫీజు. సెషన్ అంటే యాభై నిమిషాలు. నీ కార్డు నంబరు ఒకసారి అందులో పెడితే ప్రతి సెషన్‌కీ డబ్బు దానంతటదే వెళ్తుంది. ముందురోజు చెప్పకుండా ఎగ్గొడితే కూడా వెళ్తుంది, గుర్తుపెట్టుకో. నీ ఆరోగ్య బీమా ఇస్తుంది కానీ డాక్టరు రాసిన కాగితం కావాలి. రసీదులు తెస్తే సగం స్కూలే ఇస్తుందని మీ ఓనరు నాతో అన్నాడు. నువ్వు సిగ్గు లేదన్న మనిషే అన్నాడు. ఇవేవీ వద్దంటే, జీతం చీటీ చూపిస్తే ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారు.

నేను ఒకావిణ్ణి చూసి పెట్టాను. మా కౌంటర్లో నాతో పాటు కూర్చునే అమ్మాయి వాళ్లన్నయ్య ఆవిడతో మాట్లాడి కుదుటపడ్డాడు. ఆదివారం పొద్దున పదింటికి టైము ఇచ్చారు. ఫోన్ గోడకి ఆనించి పెట్టు, చేత్తో పట్టుకోకు, ఆవిడకి నీ గడ్డమే కనిపిస్తుంది.

పిన్ని ఇప్పటికీ వీధి చివర కారు హారన్ వినబడితే కిటికీ దగ్గరికి వెళ్తోందట. వాళ్ల చెల్లెలు చెప్పింది. అటక సంగతి నాకు తెలియదు కానీ, ఆ బరువు పిన్ని కూడా మోస్తోంది.

నీ బ్రేకు అరగదీసిన,
అమ్మాయి


ఫిబ్రవరి 19

అమ్మాయీ,

చేశాను. సంతోషమా? ఉచితంగా ఇచ్చిన పది నిమిషాలూ అయ్యాయి, ఆ తర్వాత మొదటి సెషనూ అయింది.

ముందు నీ నాలుగు దారుల గురించి. బీమా వద్దు. డాక్టరు ఏదో ఒక జబ్బు పేరు రాస్తేనే వాళ్లు డబ్బిస్తారట. లేని జబ్బుకి పేరు పెట్టించుకుని చుట్టాల్లో తిరగమంటావా? స్కూలు ఇచ్చే సగమూ వద్దు. రసీదు మా లెక్కల గుమాస్తా చేతికి ఇవ్వాలి, వాడి చేతికి ఇవ్వడమూ మైకులో చెప్పడమూ ఒకటే. ఇక ఆదాయాన్ని బట్టి ఫీజు అన్న మాట చదివి చాలాసేపు నవ్వుకున్నాను. అంటే నా బాధ ధర నా జీతం చీటీ చెబుతుందన్నమాట. ఓనరుకి బాధొస్తే ఖరీదైన బాధ, నాకొస్తే చవక బాధ. పూర్తి రేటే కడతాను. బేరమాడి ఏడిచానన్న పేరు నాకొద్దు. ఇంటి ఖర్చుల ఖాతా కార్డు పెట్టాను, జీతం పడేది అందులోనే.

ఇప్పుడు ఆవిడ సంగతి. చెవులకి ఏదో తగిలించుకుని, వెనక ఒక మొక్క పెట్టుకుని కూర్చుంది. మొక్క తప్ప గదిలో ఇంకేమీ లేదు. నేను మొక్క మేడమ్ అని పేరు పెట్టాను. నా వయసులో సగం ఉండదు. ఎలా ఉన్నారని అడిగింది. నేను మాట్లాడలేదు. ఎక్కడి నుంచి మొదలుపెడదామని అడిగింది. మాట్లాడలేదు. యాభై నిమిషాలూ చేతులు కట్టుకుని ఆ మొక్కనే చూశాను. కింది ఆకు ఒకటి ఎండిపోయింది, నీళ్లు సరిగ్గా పొయ్యడం లేదు.

ఎందుకంటావా? మా స్కూల్లో రూలు నీకు తెలుసు. ఇంజను తిరిగినంతసేపే మీటరు. కారు ఆపి చెట్టు కింద గంటసేపు పాఠం చెప్పినా శిష్యుడి మీద పైసా పడదు. నేను నోరు విప్పలేదు, కాబట్టి మీటరు తిరగలేదు. ఇలా ఆరుసార్లు మౌనంగా కూర్చుంటే కాగితానికి కాగితమూ వస్తుంది, డబ్బుకి డబ్బూ మిగులుతుంది. బిల్లుల కౌంటర్లో కూర్చున్నావు, నీకు తట్టిందా ఈ ఉపాయం?

ఎవరి కోసమూ నోరు విప్పని,
మీ బాబాయ్


ఫిబ్రవరి 24

బాబాయ్,

నీ ఉత్తరం మా కౌంటర్లో చదివి వినిపించాను. క్యూలో ఉన్న ఒక పెద్దాయన నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకున్నాడు.

ఇంజనుకీ నోటికీ లంకె పెట్టినవాణ్ణి నిన్నే చూస్తున్నాను. వాళ్లు అమ్మేది మాటలు కాదు బాబాయ్, టైము. నువ్వు మాట్లాడినా, మాట్లాడకపోయినా, మొక్క ఆకులు లెక్కపెట్టుకున్నా ఆవిడ ఆ యాభై నిమిషాలూ నీకే కేటాయించి కూర్చుంది. ఫీజు పూర్తిగా పడింది. నువ్వు పూర్తి రేటుకి మౌనం కొన్నావు. మా ఆస్పత్రిలో కూడా ఇంత ఖరీదైన మౌనం దొరకదు.

ఇంకో సంగతి. ఆవిడ నిన్ను వదిలేసి కాల్ పెట్టెయ్యలేదు కదా? యాభై నిమిషాలు ఎదురుగా కూర్చుంది. అలా కూర్చున్నవాళ్లు ఈ మధ్య నీ దగ్గర ఎవరున్నారో చెప్పు. నేనైతే కూర్చోను, మధ్యలోనే తిడతాను.

అమ్మాయి


మార్చి 3

అమ్మాయీ,

నీ ఉత్తరం చూడగానే అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు తెరవకపోయినా డబ్బు తీసుకునేవాళ్లని ఏమంటారో నీకు తెలియదు, నాకు తెలుసు, కాగితం మీద రాయను.

మధ్యలో ఒక ఆదివారం ఆవిడకి సెలవు. సరే, ఎలాగూ తీసుకుంటారు కదా అని ఈ ఆదివారం ఒక్క నిమిషం కూడా వృథా పోనివ్వలేదు. ఆవిడ నమస్కారం పెట్టేలోపే మొదలుపెట్టాను. ఓనరు సంగతి, గుమాస్తా సంగతి, బ్యాంకావిడ ఏడుపు, మునిసిపాలిటీ వాళ్లు తవ్వి వదిలేసిన గోతులు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. డబ్బు గిట్టించుకోవద్దూ? ఆవిడకి సందు దొరకలేదు. చివరి నిమిషంలో మాత్రం ఒక్కటే అడిగింది. నేను మాట్లాడుతున్నంతసేపూ భుజం కదులుతోందట, బల్ల కింద నా కాలు ఏం చేస్తోందని అడిగింది.

చూసుకున్నాను. నేలను తొక్కుతోంది.

అన్నం తినేటప్పుడు కూడా తొక్కుతున్నానని మీ పిన్ని ఇంతకుముందు అనేది. ఆవిడది చాదస్తమనుకున్నాను. ఇప్పుడు ఈ మొక్క మేడమ్ తెర మీద భుజం చూసి బల్ల కింద కాలిని పట్టేసింది. పోలీసుల్లో ఉండాల్సింది. టైము అయిపోయింది కాబట్టి బతికిపోయాను. ఆ మాత్రం దానికి యాభై నిమిషాల లెక్క పనికొచ్చింది.

ఎండిన ఆకు తీసేసింది. నేను చెప్పాకే తీసింది.

మీ బాబాయ్


మార్చి 9

బాబాయ్,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నిన్న పిన్ని ఫోన్ చేసింది. ఇంటి ఖర్చుల ఖాతాలోంచి ప్రతి ఆదివారం ఒక ఆడమనిషి పేరున డబ్బు వెళ్తోందట, ఆవిడెవరో నాకేమైనా తెలుసా అని అడిగింది. ఆ ఖాతా మీ ఇద్దరిదీ అని, బ్యాంకు మెసేజ్‌లు పిన్ని ఫోన్‌కి వెళ్తాయని నువ్వు కార్డు పెట్టేటప్పుడు మర్చిపోయావు. మెసేజ్‌లో కౌన్సెలింగ్ అని ఉండదు, ఆ మేడమ్ పేరే ఉంటుంది.

పిన్ని అంతకంటే ఏమీ అనలేదు. మీ బాబాయికి బట్టలు ఉతుక్కోవడం వచ్చా అని మాత్రం అడిగి పెట్టేసింది. తిట్టి ఉంటే నాకు భయం వేసేది కాదు. నేను ఫలానా అని చెప్పేద్దామనుకున్నాను, కానీ అది నీ నోటితో రావాల్సిన మాట. ఏం చెప్పమంటావు?

అమ్మాయి


మార్చి 13

అమ్మాయీ,

ఏమీ చెప్పకు.

బాగా ఆలోచించే రాస్తున్నాను. ఎవరో ఆడమనిషి అనుకుంటే అనుకోనీ. అందులో పరువు తక్కువేమీ లేదు. ఈ వయసులో కూడా బాబాయ్ మీద ఎవరికో మనసైందంటే మీ పిన్ని చెల్లెలు నాకు ఇంకో రెండు ముద్దలు ఎక్కువ మర్యాద ఇస్తుంది. కానీ కౌన్సెలింగ్ అని తెలిస్తే? ముప్పై ఏళ్లు ఆవిడ ముందు కాలు మీద కాలేసుకుని, భయమనేది నా ఇంటా వంటా లేదని చెప్పుకున్నవాణ్ణి. ప్రతి ఆదివారం ఒక మొక్క ముందు కూర్చుని భయపడుతున్నానని డబ్బిచ్చి ఒప్పుకుంటున్నానని చెప్పమంటావా?

నువ్వు చెయ్యాల్సింది ఒక్కటే. ఆ కార్డు తీసేసి వేరే కార్డు పెట్టడం ఎలాగో రాయి. మెసేజ్ నా ఫోన్‌కే రావాలి.

మీ బాబాయ్


మార్చి 16

బాబాయ్,

రాయను.

కార్డు మార్చడం నీ ఫోన్లో రెండు నొక్కుళ్ల పని. అయినా రాయను. పెళ్లాం దగ్గర పిరికివాడిననిపించుకోవడం కంటే చెడ్డవాడిననిపించుకోవడం నయం అనుకునే మనిషికి కార్డు మార్చడం నేర్పి ఏం లాభం? నీ వెటకారం ఇన్నాళ్లూ నాకు ముచ్చటగా ఉండేది. ఈసారి అసహ్యం వేసింది. ఆవిడ అక్కడ విరిగి అతుక్కున్న కాలితో కూర్చుని, నువ్వు ఇంకొకరికి డబ్బు పంపుతున్నావని అనుకుంటోంది. దాన్ని నువ్వు పరువంటున్నావు.

ఇక నాకు ఉత్తరం రాయాల్సిన పనిలేదు. రాయాల్సిన చోట రాయి.

అమ్మాయి


మార్చి 23

అమ్మాయీ,

రాయొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను. నీకు కోపమొస్తే అచ్చం మీ నాన్నలా అవుతావు, అన్నయ్యకి కూడా మాటల్లో బ్రేకు ఉండేది కాదు.

నీ ఉత్తరం పట్టుకునే ఈ ఆదివారం సెషన్‌లో కూర్చున్నాను. గుక్క తిప్పుకోకుండా చెప్పడానికి ఏమీ దొరకలేదు. ఆవిడ మళ్లీ కాలు గురించే అడిగింది. ఆ ప్రమాదం రోజున నా కాలు కింద ఏముందని అడిగింది. ఇదేం ప్రశ్న, ఎవరైనా ఇందుకు డబ్బిస్తారా అని అనబోయాను. నోట్లోంచి వేరేది వచ్చింది.

ఆ రోజు మన సొంత కారు. మీ పిన్ని నడుపుతోంది, నేను పక్కన. పక్క వీధిలోంచి లారీ వచ్చింది. నేను చూశాను, తొక్కాను. ఉన్న బలమంతా పెట్టి తొక్కాను. స్కూలు కార్లలో ప్రతిరోజూ తొక్కుతాను, ప్రతిరోజూ కారు ఆగుతుంది. ఆ రోజు నా కాలి కింద రబ్బరు మ్యాటు ఉంది. అంతే. మ్యాటు తప్ప ఇంకేమీ లేదు. ఆవిడ కాలు విరిగిన చప్పుడు విన్నాను, నా కాలు అప్పటికీ ఆ మ్యాటుని తొక్కుతూనే ఉంది.

ఇది నేనెవరికీ చెప్పలేదు. అప్పట్నుంచి ఎక్కడ నిజం బ్రేకు దొరికితే అక్కడ తొక్కుతున్నాను, అదీ ఇప్పుడు చెబితేనే నాకు తెలిసింది. మళ్లీ మీ పిన్ని పక్కన ఆ సీట్లో కూర్చుంటే నా వైపు ఏమీ ఉండదు. నాకు భయం. రాశాను, చాలా?

ఆ మేడమ్ గారు ఏదో గొప్ప మాట చెబుతుందని చూశాను. ఏమీ చెప్పలేదు. కాసేపు ఊరుకుంది. డబ్బిచ్చి నేను మొదట్లో చేసిన పనీ ఊరుకోవడమే కాబట్టి ఏమీ అనలేకపోయాను. కానీ ఆవిడ ఊరుకోవడం వేరేగా ఉంది.

మీ బాబాయ్


మార్చి 30

అమ్మాయీ,

అటక మీంచి బ్యాటరీ దించాను. నడుం పట్టేసింది. దానికి ఏ బీమా ఉందో చూసి పెట్టు.

నిన్న కారు తీసుకుని మీ పిన్ని చెల్లెలి ఇంటికి వెళ్లాను. ఆవిడ చెల్లెలు తలుపు తీసి, నన్ను పైనించి కిందిదాకా చూసి, మంచినీళ్లు కూడా ఇవ్వకుండా లోపలికెళ్లింది. నేననుకున్న రెండు ముద్దల మర్యాద ఇదీ. మీ పిన్ని కుర్చీలో కూర్చుని ఉంది, కూర్చోమనలేదు. నేను నిలబడే ఫోన్ తీసి మేడమ్ గారి బొమ్మ, మొక్క, సెషన్ల తేదీలు అన్నీ చూపించాను. చూపిస్తూ, నీకు రాసింది మొత్తం చెప్పాను. లారీ, మ్యాటు, భయం. నీకు రాసిన అభ్యాసం పనికొచ్చింది, లేకపోతే సగంలో ఆపేసేవాణ్ణి.

మీ పిన్ని నవ్వింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది. నవ్వుకి తుడుచుకుంటోందనే అనుకున్నాను, కానీ నవ్వు ఆగాక కూడా తుడుచుకుంటూనే ఉంది. తర్వాత అడిగింది.

"నాకు చెప్పాల్సిన మాటలు ఆవిడకి డబ్బిచ్చి చెప్పుకున్నారా?"

"నీకైతే ఊరికే చెప్పాలి. అదే చేతకాలేదు" అన్నాను.

తాళాలు ఆవిడ చేతిలో పెట్టాను. ఇందులో నా గొప్పేమీ లేదు, నేను గట్టిగా పట్టుకునే ఉన్నాను, ఆవిడే లాక్కుంది. సూట్‌కేసు నేను ఎక్కించాను. ఆవిడ నడిపింది, నేను పక్కన కూర్చున్నాను. నా వైపు అదే రబ్బరు మ్యాటు.

తొక్కానా అని అడుగుతావు. తొక్కాను. వీధి మొదట్లో తొక్కాను, కూడలిలో తొక్కాను, పక్కనుంచి పాల వ్యాను వస్తే రెండు కాళ్లతో తొక్కాను. కారు మాత్రం ఆవిడ ఆపినప్పుడే ఆగింది, వెళ్లాల్సినప్పుడు వెళ్లింది. నేను నోరు మెదపలేదు. సగం దారిలో ఆవిడ రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండానే ఒక మాట అంది.

"కాలు నొప్పెడితే చెప్పండి, ఆపుతాను."

చెప్పలేదు. ఇంటిదాకా వచ్చాం.

రసీదులు ఇవాళ గుమాస్తా బల్ల మీద పెట్టాను. మధ్యాహ్నానికల్లా స్కూలంతా తెలిసిపోయింది. బ్యాంకావిడ వచ్చి, మేడమ్ గారి నంబరు తనకీ కావాలంది. నా వల్లే ఆవిడకి స్టీరింగు అంటే భయం పట్టుకుందట. పూర్తి రేటు కట్టకు, జీతం చీటీ చూపించు అని చెప్పి పంపాను. నిన్న జరగాల్సిన ఆరో సెషన్ వచ్చే ఆదివారానికి మార్పించుకున్నాను. నెలాఖరు దాటిపోతుంది, ఓనరు సీటు ఉంచుతాడో పీకుతాడో వాడికే తెలియాలి. పీకినా ఆరోసారి కూర్చుంటాను, మొక్కకి కొత్త ఆకు వస్తోంది.

కార్డు మార్చడం ఎలాగో ఇక రాయక్కర్లేదు. ఆ మెసేజ్ మీ పిన్ని ఫోన్‌కే వెళ్లనీ.

మీ బాబాయ్